భావన గారి పేరు కొట్టేసి నా పేరు రాసుకోమని

సైబర్ పోలీస్ ఎస్.ఐ. శివరామకృష్ణ గారి సముఖమునకు, ఢిల్లీ మునిర్కాలో అనసూయ గారి మెస్‌లో పనిచేయు నవదీప్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా బిల్డింగ్ రౌటర్‌లో దారి తెరిచింది నేనేనని, భావన గారు కాదని.

తమరు మా పిన్ని అనసూయకు ఇచ్చిన నంబరుకే వాట్సాప్‌లో పంపుతున్నాను. ఎనిమిదితో బడి మానేశాను, తప్పులుంటే క్షమించాలి. అర్జీ ఇలా రాయాలని పిన్నే చెప్పింది.

1. నిన్న తమరు విచారణ నిమిత్తం మా బిల్డింగ్‌కు వచ్చియున్నారు. నోయిడాలో ఒక పెద్దాయన కరెంటు బిల్లు అనుకొని దొంగ పేజీలో కార్డు వివరాలు కొట్టారని, ఆ పేజీ మా కనెక్షన్ నుంచే నడిచిందని, కనెక్షన్ మూడో అంతస్తు భావన గారి పేరు మీద ఉందని తెలియజేశారు. "రౌటర్ కిస్‌నే సెట్ కియా?" అని, ఎవరు పెట్టారని తమరు హిందీలో అడిగితే ఆమె తెలియదంటూ "ముఝే నహీ పతా సర్" అన్నారు. అప్పుడు క్యారియర్ పట్టుకొని తలుపు దగ్గర నిలబడ్డది నేనే. తమరు వెళ్తూ "కొంచెం జరుగు తమ్ముడూ" అని నాతో తెలుగులోనే అన్నారు. జరిగాను. నోరు తెరవలేదు.

2. మా మెస్‌లో తినే స్టూడెంట్లు రికార్డు చేసుకున్న పాఠాలు ఒక పాత ల్యాప్‌టాప్‌లో పెట్టాను, లైబ్రరీ నుంచి కూడా వినొచ్చని. హిందీ వీడియోలు ఆపి ఆపి చూసి నేర్చుకున్నాను. బయటివాళ్లు రాకుండా టన్నెల్ పెట్టాను. అనగా తాళంచెవి ఉన్న ఫోన్ మాత్రమే రాగలిగే దారి. ఆ తాళంచెవి కోసం ఒక్కో ఫోన్‌తో నా ఫోన్‌లోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేయించాలి. కింది అంతస్తు అన్నలందరికీ చేయించాను.

3. ఇది రాయాలంటే సిగ్గుగా ఉంది. మూడో అంతస్తులో ఉండేది అమ్మాయిలు. వాళ్ల ముందు నిలబడి "ఫోన్ తీయండి, స్కాన్ చేయాలి" అనాలి. చాలాసార్లు మెట్లెక్కాను. ప్రతిసారీ క్యారియర్ ఇచ్చి దిగిపోయాను. కింది అంతస్తు సాయిప్రకాష్ అన్న "ఏరా, పైకెళ్తే నీకు సిగ్నల్ పోద్దా?" అని నవ్వేవాడు. అందుచేత అడిగే పని లేకుండా, రౌటర్‌లో ల్యాప్‌టాప్‌కు నేరుగా ఒక దారి తెరిచి, పాస్‌వర్డ్ కూడా తీసేసి, లింకు పిన్ని చేత పంపించాను. నొక్కితే చాలు. ఆ దారిలోనే ఎవడో వచ్చి దొంగ పేజీ పెట్టాడు. వాళ్లకు తెరిస్తే లోకమంతటికీ తెరిచినట్టేనని వీడియోలో చెప్పాడు సార్. తెలిసే తెరిచాను.

4. భావన గారికి సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగం వచ్చియున్నది. పోలీస్ వెరిఫికేషన్ ఒక్కటే మిగిలింది. కనెక్షన్‌కు ఆధార్ కావాలని ఓనర్ అడిగితే ఎవరూ ఇవ్వలేదు, ఆమె ఇచ్చారు. ఆమె చేసింది అంతే. నిన్న ఆమె క్యారియర్ ముట్టకుండానే తిరిగొచ్చింది. ఆ అన్నం పారబోసి గిన్నెలు కడిగింది నేనే.

కావున తమరు దయతలచి కేసులో ఆమె పేరు కొట్టేసి నా పేరు రాసుకోవలెనని ప్రార్థన. ఆ దారి మూసేశాను. ల్యాప్‌టాప్‌లో ఏమీ చెరపలేదు, ఎవరెప్పుడు వచ్చారో అందులో ఉంటుంది. రేపు స్టేషన్‌కు పట్టుకొస్తాను. ఆ పెద్దాయన కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను.

ఈ నాలుగు ముక్కలూ తమరు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
నవదీప్

తా.క.: పంపేముందు భావన గారికి చూపించమని పిన్ని తరిమింది. ఫోన్ ఆమె చేతికిచ్చి గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

"ఒక్క మాట అడుగుతే స్కాన్ చేస్తుంటి గద తమ్మీ," అన్నారు. తర్వాత, "నా నౌకరి పోతే ఏం జేస్తవ్?" అన్నారు. నేను గోడ వైపే చూస్తున్నాను.

"రేపు నేను గూడ వస్త. లేకుంటే ఆడ గూడ గిట్లనే నిలబడ్తవ్."

వద్దని చెప్పలేకపోయాను. సార్, ఆమె పక్కనుంటే నాకు మాట రాదు. దయచేసి ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టండి. లోపల అంతా చెప్తాను.