కుందేలుబొమ్మ జోలికి రావద్దు

మరదలికి మీ బావ రాసేది.

పక్షవాతం రాకముందు మీ అక్క మొదలుపెట్టిన కుందేలుబొమ్మని నువ్వొచ్చి అల్లేస్తానన్నావట. రావద్దు. కొక్కెం సూదీ ఊలూ పట్టుకుని నేనే కూర్చున్నాను. జన్మంతా ఇనుప చువ్వలకు తీగ బిగించిన చెయ్యి కదా, నేను వేసిన కుట్టులో మళ్లీ సూది దూరడం లేదు. మెడ పట్టేస్తోంది, కళ్లు లాగుతున్నాయి. అల్లిందంతా విప్పడం, మళ్లీ మొదలుపెట్టడం, ఇదే పని.

నిన్న కూడా బిగించేశాను. మంచాన పడ్డప్పటి నుంచి నోరు మెదపని మీ అక్క, "వదులుగా... మొద్దు చెయ్యి!" అంది. మాట ముద్దగా వచ్చింది గానీ తిట్టు తిట్టే.

విప్పి విప్పి ఊలు పీచయిపోయింది, కొత్తది పంపు. నువ్వు మాత్రం రాకు. నీ అల్లికలో తప్పుండదు. ఇంక మీ అక్క ఎవర్ని తిడుతుంది?

బావ