ఫ్లెక్సీ మీద లెక్కల పిల్ల

చిత్తూరు,
మంగళవారం

మా ఇంటిది ఉదయలక్ష్మికి తమ్ముడివైన మునికుమార్‌కు,

ఆశీర్వాదం రాసేదానికి చెయ్యి రావడంలేదు కాబట్టి నేరుగా విషయానికే వస్తా ఉండా. వాట్సాపులో నిన్ను బ్లాక్ చేసింది నేనే. పొద్దున కాఫీ తాగతా నీ స్టేటస్ తెరిస్తే, గ్రూప్ థియరీ క్లాసుకు బెంచీలు చాలక పక్క గదిలోనుంచి మోయించినాము అని ఫోటో పెట్టినావు. నువ్వు తిరుపతిలో, నేను చిత్తూరులో. ఇద్దరమూ చెప్పేది అవే డిగ్రీ లెక్కలు. ఈడ నా రియల్ అనాలిసిస్ క్లాసులో చాక్‌పీసు కిందపడితే ఉలిక్కిపడేదానికి కూడా మనిషి లేడు. కుళ్లనుకుంటే అనుకో, నాకు కడుపు మండిపోయింది.

మా మేనేజ్‌మెంటోళ్లు తేల్చి చెప్పేసినారు. ఈసారి అడ్మిషన్లలో లెక్కల గ్రూపు నిండకపోతే ఎత్తేస్తారంట, నన్ను కాలేజీ బస్సులకు ఇన్‌చార్జిగా వేస్తారంట. ఇన్నేండ్లు డిఫరెన్షియల్ ఈక్వేషన్లు చెప్పిన నోటితో ఇంగ ఫుట్‌బోర్డు మీద నిలబడొద్దని అరవాల. అందుకే మా లెక్చరర్లందరి మాదిరే నేనూ కరపత్రాలు ఎత్తుకోని ఎండలో ఇల్లిల్లూ తిరుగుతా ఉండా. ఐరాలలో ఒకాయన మజ్జిగిచ్చి, నేను చెప్పిందంతా విని, మీ పాప ఏం చదువుతా ఉండాది సార్ అన్నాడు. కంప్యూటర్లు అని చెప్పినా. ఆయన నా కరపత్రంతో విసురుకోవడం మొదలుపెట్టినాడు.

నిజం చెప్పు. ఆ ఫోటోలో ఉండేది లెక్కల పిలకాయలేనా, తెలుగు డిపార్ట్‌మెంటులో చేబదులు తెచ్చినావా?

ఇట్లు
నీ వల్ల నిద్రలేని బావ,
సుందరరాజు

తా.క.: పోయినేడు మా పాప మహితను మీ కాలేజీలో కంప్యూటర్లలో చేర్చమని నీకే కదా అప్పజెప్పినా. లెక్కల డిపార్ట్‌మెంటు వరండాలో కూడా దాన్ని నిలబడనీయొద్దు. ఆ గాలి తగిలితే నా గతే పడతాది.

*

తిరుపతి,
శుక్రవారం

బ్లాక్ చేసినా బావే కాబట్టి, సుందరరాజు బావకు నమస్కారాలు.

పిలకాయలు నిజం, బెంచీలూ నిజం. ఆ ఫోటో తీసిన పిల్ల మాత్రం అందులో లేదు. నేను లగ్రాంజి థీరం సగం నిరూపించి నీళ్లు తాగేదానికి ఆగితే, మిగిలిన సగం కూచున్న చోటినుంచే చెప్పేసింది బావా. అప్పటినుంచి నేను ఇంట్లోనే నీళ్లు తాగి వస్తా ఉండా. రెండు సెమిస్టర్లూ లెక్కల్లో దానిదే ఫస్టు.

నువ్వూ గ్రూపు నిలబెట్టుకుంటావులే. మనసులో ఏం పెట్టుకోవద్దు.

ఇట్లు
బామ్మర్ది మునికుమార్

తా.క.: మహిత లెక్కల డిపార్ట్‌మెంటు వరండాలో ఎప్పుడూ నిలబడలేదు. ఇది మాత్రం ఏ కొండెక్కి అయినా ప్రమాణం చేస్తా.

*

చిత్తూరు,
సోమవారం

మునికుమార్‌కు,

నమస్కారాలు అందినాయి, వాటితో నాకేం పని? ఎవరా పిల్ల? ఏ ఊరు? అన్నం తింటా ఉంటే ఆ మిగిలిన సగం థీరమే గుర్తుకొస్తా ఉండాది. నేను నీళ్లు తాగేదానికి ఆగితే మావోళ్లు బ్యాగులు సర్దుకుంటారు. అట్టాంటి పిల్ల నాకు దొరకాల్సింది, నీకు దొరికింది. దేవుడు కూడా తిరుపతి పక్షమే.

ఆ పిల్ల చిత్తూరు పక్క పిల్లేనా? నేను ఎండలో తిరిగిన ఊర్లలోకి దొంగచాటుగా వచ్చి ఎత్తుకోని పోయినావా? అట్లయితే మర్యాదగా మా కాలేజీకి మార్పించు. ఫీజు లేదు, బస్సులో ముందు సీటు. బస్టాండు ఎదురుగా ఆ పిల్ల ఫోటోతో ఇంత పెద్ద ఫ్లెక్సీ కట్టిస్తా. అది చూసి జనం వస్తారు, నా గ్రూపు నిలబడతాది. నీకు ఒక పిల్ల పోతాది, నాకు బతుకు మిగులుతాది.

ఇట్లు
సుందరరాజు

తా.క.: ఈ సంగతి మీ అక్కకు చెప్తే పమిట అడ్డం పెట్టుకోని నవ్వుతా ఉండాది. మీ ఇంటోళ్లంతా ఒకటే.

*

తిరుపతి,
గురువారం

బావకు,

చిత్తూరు పిల్లే. నేనేమీ ఎత్తుకోని రాలేదు. మార్పించాలంటే తండ్రి సంతకం కావాల, చిక్కంతా ఆడే ఉండాది. కూతురు లెక్కలు చదువుతా ఉండాదని ఆయనకు తెలీదు. వద్దని గట్టిగా చెప్పినాడంట. ఆన్‌లైన్లో ఆప్షన్లు పెట్టే రోజు ఆ పిల్ల నా ముందర ఒకటే ఏడుపు. చూడలేక నేనే మార్చేసినా. తల్లికి తెలుసు. తండ్రికి తెలిస్తే నా కాళ్లు విరగ్గొడతాడని భయంగా ఉండాది. ఏం చేయమంటావు?

ఇట్లు
భయంతో, మునికుమార్

తా.క.: ఆయన మంచోడే. కాకపోతే ఊరందరికీ చెప్పే మాట తన ఇంట్లో చెప్పుకోడు.

*

చిత్తూరు,
ఆదివారం

మునికుమార్‌కు,

ఎవడప్పా ఆ మొండోడు? బంగారం లాంటి బిడ్డ ఇంట్లో ఉంటే కనపడలేదంటే కండ్లు యాడ పెట్టుకున్నాడు? ఈ కింది మాటలు కత్తిరించి ఆయన చేతికే ఇవ్వు. వేరే ఎవరికీ ఇవ్వొద్దు.

'అయ్యా, మీరెవరో నాకు తెలీదు. నేను లెక్కల లెక్చరర్ని. జీతం చిన్నదే, లోకానికి చులకనే. అయినా ఒక థీరం బోర్డు మీద ఆఖరి గీత దాకా వచ్చి తప్పు లేకుండా నిలబడినప్పుడు కలిగే సంతోషం నాకు ఇంకెక్కడా దొరకలేదు. మీ బిడ్డకు అది చిన్న వయసులోనే దొరికింది. నాలాగా కష్టపడతాదేమో అని మీరు భయపడతా ఉండొచ్చు. ఆ భయం మీది, ఆ పిల్లది కాదు. దయచేసి అడ్డం పడొద్దు.'

ఇట్లు
సుందరరాజు

తా.క.: ఇది చదివినాక కూడా వినకపోతే అడ్రసు పంపించు. నేనే పోయి చొక్కా పట్టుకోని అడుగుతా.

*

తిరుపతి,
బుధవారం

బావా,

నువ్వు చెప్పినట్టే కత్తిరించి తండ్రి చేతికే పంపిస్తా ఉండా. ఈ కవరులోనే ఉండాది, తీసి చదువుకో. చొక్కా కూడా నీదే, ఎట్ట పట్టుకుంటావో నీ ఇష్టం.

అవును, మన మహితే. తిట్టేదుంటే నన్ను తిట్టు, అక్కను ఏమీ అనొద్దు.

నీ మాటలు దానికి చూపించినా. హాస్టలు మెట్ల మీద కూచోని రెండుసార్లు చదివింది. నాకు లోపల లోపల ఒక ఆశ ఉండింది బావా, చిత్తూరికి మారను, నా క్లాసులోనే ఉంటా అంటాదని. మారతావా తల్లీ అని అడిగినా.

"ఎప్పటికైనా నాయన క్లాసులో కూచోవాలనే కదా మామా నేను లెక్కలు తీసుకునింది" అనింది.

ఏడాదంతా గొంతు చించుకోని చెప్పింది నేను. ఆ పిల్ల వినాలనుకున్న గొంతు నీది. నిన్నటినుంచి నాకు నువ్వంటే ఒళ్లు మండతా ఉండాది.

ఇట్లు
మునికుమార్

తా.క.: టీసీ కాయితం మీద లెక్కల లెక్చరరు సంతకం కూడా కావాలంట. నేను పెట్టలేదు. నువ్వు వచ్చి, ముందు దానితో మాట్లాడి, ఆ తర్వాత నన్ను అడిగితే పెడతా.