పై వాటా వైఫై

సంగీతం టీచరుగారికి నమస్కారం.

ఆన్‌లైన్ పాఠం మధ్యలో మీ గొంతు ఆగిపోతోందనీ, పిల్లలు మానేస్తున్నారనీ మీరంటే, మీ రౌటర్ పాతదైందని తేల్చేసింది నేనే. కంప్యూటర్‌ని నడిపే లినక్స్‌ని పుస్తకం చూసి సొంతంగా నేర్చుకున్నవాణ్ణి, ఆమాత్రం ధీమా ఉంటుంది.

ఈ ఉదయం మా రౌటర్ లైట్లు వెలగడం లేదేమని మా ఆవిణ్ణి అడిగాను.

"కుట్టుమిషన్ కోసం దాని ప్లగ్ తీసి రెండు నెలలైంది. మీకు నెట్ వస్తూనే ఉందిగా!" అంది.

వస్తూనే ఉంది, మీ ఇంట్లోంచి. మీ వైఫై నేను బిగించిన రోజు పరీక్షకని కొట్టిన పాస్‌వర్డును నా ల్యాప్‌టాప్ గుర్తుపెట్టుకుంది. కొత్త లినక్స్ ఏది వచ్చినా, ఎంత పెద్ద ఫైలైనా, నెట్‌లోంచి దింపి చూడటం నా సాయంకాలపు సరదా. సరిగ్గా మీ పాఠం వేళ.

కొత్త రౌటర్ కొనకండి. పాస్‌వర్డ్ మార్చండి, నేనడిగినా చెప్పకండి.

ఇట్లు,
కింది వాటా ఇంజినీరు
(మీరింకా అలాగే పిలిస్తే)