టిక్కుమన్న చప్పుడు

బావగారికి నమస్కారం.

మీరు సెలెక్టర్, నేను అంపైర్‌ని. ఆట గురించి మనిద్దరం మాట్లాడుకోకూడదని మీ చెల్లెలితో నా పెళ్లప్పుడే అనుకున్నాం. ఈ ఒక్క ఉత్తరానికి ఆ మాట తప్పుతున్నాను.

పోయిన నెల ఆ ఎడమచేతి ఓపెనర్‌ని తొంభై ఒకటి దగ్గర కీపర్ క్యాచ్‌గా అవుటిచ్చాను. రీప్లే లేని మ్యాచ్. బంతి బ్యాట్ పక్కనుంచి వెళ్తుంటే టిక్కుమంది, వేలెత్తాను. సాయంత్రం అతను మా గదికొచ్చి, "సార్, నిజంగా తగిలిందా? నా చేతికేం తెలియలేదు" అన్నాడు.

"తగిలింది. నేను విన్నాను" అన్నాను. తల వంచుకుని వెళ్లిపోయాడు.

తర్వాతి మ్యాచ్‌లో ఒక బంతి బ్యాట్‌కి జానెడు దూరంగా పోయింది. ఎవరూ అప్పీల్ చేయలేదు. నాకు మాత్రం అదే టిక్కు వినిపించింది. చేయి చూసుకున్నాను. చేతిలో బంతులు లెక్కపెట్టుకునే కౌంటర్‌ని, బంతి కీపర్‌ని చేరకముందే తొందరపడి నొక్కాను; టిక్కుమన్నది అదే. ఆ రోజు చేసిందీ అదే.

ఇప్పుడు టీవీలో రోజూ చర్చే. సెంచరీ ముందు చేయి వణికిందట, జాతీయ జట్టుకి పనికిరాడట. అతనూ అది నమ్మి, ఆ రోజు అవుటైన షాట్‌ని నెట్స్‌లో ఆడటమే మానేశాడని విన్నాను. వంటింట్లో మీ చెల్లెలు గ్యాస్ లైటర్ నొక్కినా నా వేలు లేస్తోంది.

సోమవారం మీరు జట్టును ఎంపిక చేస్తారు. తప్పు నాదని సంతకం పెట్టిన కాగితం ఈ కవర్లోనే ఉంది, కౌంటర్ కూడా ఉంది. కాగితం తర్వాత చదవండి. ముందు కళ్లు మూసుకుని కౌంటర్‌ని ఒక్కసారి నొక్కండి.

మీ వేలూ లేస్తుంది.