పురికొస అవతలి కొన

జూలై 6, ఆదివారం

నేటి నుండి చిన్నారి విద్య తన గదిలో, తన మంచం మీద. నిశ్చయమైపోయింది.

రాత్రి కాలేజీ రోజుల్లో నేను చదువుకున్న గది. నా పట్టా ఇప్పటికీ ఆ గోడకే ఉన్నది. బల్ల తీసివేయించి, లేత పసుపు రంగు వేయించి, పక్కల కమ్మీలున్న చిన్న మంచం చేయించాను. దత్తతకు ముందు ఇల్లు చూడవచ్చిన మేడమ్‌గారికి "ఇది బిడ్డ గది" అని నేనే తలుపు తీసి చూపించాను. చూపినది ఒకటి, జరిపేది మరొకటి కారాదు. కలెక్టరుగారి ఉత్తర్వు ఇంకా రాలేదు. అది వచ్చేవరకు బిడ్డ మా ఇంట ఉన్నదే గాని... మా బిడ్డ కాదు.

పార్వతి — "రెండున్నరేళ్ళ పిల్లండి. శిశుగృహం నుంచి వచ్చి రెండు నెల్లైనా అవ్వలేదు. నా పక్కన పడుకుంటే మీ గది అలుగుతాదా?"



జూలై 7, సోమవారం

ఏడవలేదు. ఒక్కసారి కూడా. "చూశావా?" అన్నాను పార్వతితో.

"సూసాను. పిల్లలు ఏడవాలండి. ఇది ఏడవదు. అదే నాకు బయ్యం."

జూలై 8, మంగళవారం

నిన్నటి నుండి పార్వతికి ఆసుపత్రిలో నైట్ డ్యూటీ. వారం మార్చి వారం. ఇంట్లో నేను, విద్య.

ఇక్కడ రాయవచ్చు. ఎవరికీ చెప్పలేదు. మగ్గాల షెడ్డులో గడిపిన సంవత్సరాలు నా చెవులను తినివేశాయి. డిగ్రీ వచ్చాక మిల్లు ఆఫీసులో గుమస్తానయ్యాను గాని, చెవులు తిరిగి రాలేదు. ఎదుటివారి పెదవులు చూసి నెట్టుకొస్తున్నాను. షెడ్డులో అందరమూ అంతే. ఆ మోతలో పేరు పెట్టి పిలిస్తే ఎవరికి వినబడుతుంది? పెదవులు చదవాలి, లేదా చొక్కా పట్టి లాగాలి. చెవుల డాక్టరు దగ్గరకు పదమని పార్వతి అంటుంది. నాకేమీ లోటు లేదన్నాను.

గోడ అవతల నుండి బిడ్డ పిలిస్తే... పెదవులు కనబడవు.

జూలై 10, గురువారం

తెల్లవారి తలుపు తోశాను. విద్య మంచం మీద కూర్చొని ఉన్నది. పక్క తడిసి, గౌను తడిసి, చల్లబడిపోయి. ఎప్పటి నుండి అలా కూర్చున్నదో! కళ్ళు తలుపు మీదే. కమ్మీ ఒక వైపు తీసే పెట్టాను. దిగి రావచ్చు. దిగలేదు. పిలవలేదు.

డ్యూటీ నుండి రాగానే పార్వతికి చెప్పాను. గౌను మారుస్తూ, నా వైపు చూడకుండా — "అక్కడ పొద్దున్న ఆయా వచ్చి దించేదాకా ఎవులూ మంచం దిగరట. పిలిసినా ఎవులూ రారని దానికి తెలిసిపోయిందండి."

తల తిప్పుకుని అన్నది. ఆ మాటలు మళ్ళీ అడిగి చెప్పించుకోవలసి వచ్చింది. రెండవసారి ఇంకా కష్టం.

జూలై 12, శనివారం

నరసన్నపేట నుండి అప్ప వచ్చింది, ఒక్క పూటకు. గది చూసింది. మంచం చూసింది. దిండు కింద పాత అడకత్తెర పెట్టబోతే వారించాను. ఇనుము ఉంటే పీడకలలు రావట. పసిబిడ్డ చేతికి కత్తెర!

"ఒరే తమ్ముడూ, సదువుకున్నోడివి. గదికి రంగులేసినావు, మంచం సేయించినావు. పిల్లకి బయ్యమేస్తే గోడలొచ్చి ఎత్తుకుంతాయేట్రా?"

పార్వతి పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. విద్య కూడా, ఎందుకో, నవ్వింది. నేను నవ్వలేదు.

ఆ గదిలోనే చాప వేసుకుని పడుకోవచ్చును. నాకు తెలియక కాదు. మేడమ్‌గారు వచ్చి చాప చూస్తే? "ప్రత్యేక గది అన్నారు కదా" అంటే?

జూలై 15, మంగళవారం

మేడమ్‌గారు వచ్చారు.

గది చూపించాను. "బాగుందండి" అన్నారు. అంతే. నేను అనుకున్నంతసేపు చూడలేదు. విద్యను దగ్గర కూర్చోబెట్టుకుని, "రాత్రి భయమేస్తే ఎవర్ని పిలుస్తావమ్మా?" అని అడిగారు. విద్య పార్వతిని చూడలేదు, నన్నూ చూడలేదు. తలుపు వైపు చూసింది.

"పాప మిమ్మల్ని ఏమని పిలుస్తుందండి?" — నన్ను.

నీళ్ళు అడుగుతుంది. అన్నం వద్దంటుంది. కాకిని చూపి కాకి అంటుంది. నన్ను... ఏమీ అనదు. పార్వతిని కూడా.

ఆమె ఏదో రాసుకున్నారు. నెలాఖరులోగా మళ్ళీ వస్తారట. ఆర్డరుకు ముందు.

తీసుకుపోతారా? పార్వతిని అడగలేకపోయాను.

జూలై 17, గురువారం

నిద్ర లేదు. ఆఫీసులో రెండు తప్పులు. నేను చేసే రకం తప్పులు కావు.

జూలై 20, ఆదివారం

ఆలోచన ఒకటి. పిలవడం రాని చోట లాగడం ఉన్నది కదా. షెడ్డులో అలాగే బ్రతికాము.

పురికొస ఉండ తెచ్చాను. ఒక కొన నా కాలి బొటనవేలికి. తలుపు సందు గుండా నేల మీదుగా రెండవ కొన విద్య మంచం కాళ్ళ వైపు, ఆమె ఆడుకునే గుడ్డ బాతుకు. మెడకు చుట్టుకుంటుందేమో... అందువల్ల కమ్మీ పైకి బాతు ఒక్కటే వచ్చేటట్లు కట్టి, దారాన్ని మంచం కోడుకు ముడివేసిన ఉంగరం గుండా పోనిచ్చాను. నేనే మోకాళ్ళ మీద కూర్చొని పదేపదే పరీక్షించాను.

మధ్యాహ్నం ఆట. "బాతును లాగు!" లాగింది. నేను పక్క గది నుండి పరుగెత్తుకుని వచ్చాను. నిర్ఘాంతపోయి చూసింది. మళ్ళీ లాగింది. మళ్ళీ వచ్చాను. ఆయాసం వచ్చేదాకా. చివరకు పకపకా నవ్వింది. ఆ నవ్వు నాకు పూర్తిగా వినబడింది.

పార్వతి గుమ్మంలో — "మిల్లోళ్ళ బుద్ది పోనిచ్చుకున్నారు కాదు." కళ్ళు తుడుచుకుంటూ.

జూలై 22, మంగళవారం

మళ్ళీ నైట్ డ్యూటీ వారం. నిన్న రాత్రి దారం కదలలేదు. విద్య పగలంతా లాగుతుంది, చీకటి పడితే లాగదు. పగటి పిలుపు ఆట. రాత్రి పిలుపు... ఎవరూ రారని ఆమెకు తెలిసినది.

జూలై 23, బుధవారం

క్రమంగా రాయాలి.

మెలకువ వచ్చేసరికి వెలుతురు. ఎన్నో రాత్రుల తరువాత గాఢంగా నిద్రపోయాను. బొటనవేలు మంట. చూస్తే చుట్టూ ఎర్రగా కోసుకుపోయిన గీత. దారం బిగిసి బిగిసి, తరువాత వదులై ఉన్నది.

లాగింది. ఒకసారి కాదు. నేను లేవలేదు.

గదికి పరుగెత్తబోయి ఆగిపోయాను. కాలికి ఏదో తగిలింది. నా మంచం పక్కన, వట్టి నేల మీద, విద్య. నిద్రలో. మంచం దిగింది. చీకటిలో దారం వెంట వచ్చింది. పిడికిట్లో పురికొస, నా కాలి దగ్గర.

దిగి వచ్చింది! ఎత్తుకున్నాను. ఒళ్ళు చల్లగా ఉన్నది. నా దుప్పటి కప్పాను.

వచ్చి, నా పక్కన నిలబడి, నేను లేవకపోతే... పిలిచిందా? పిలిచే ఉంటుంది. మొదటిసారి. ఏమని పిలిచింది? బదులు లేక నేల మీద పడుకున్నదా?

మేడమ్‌గారు శుక్రవారం వస్తున్నట్లు ఫోనులో మెసేజీ. అదే ప్రశ్న అడుగుతారు.

పార్వతి ఇంకా రాలేదు. వస్తే ముందుగా వేలు చూస్తుంది. చెవుల డాక్టరు మాట ఈసారి నేనే ఎత్తాలి.

విద్య వంటింటి గడప మీద కూర్చొని పాలు తాగుతోంది. నా వైపే చూస్తోంది. ఇప్పుడే ఏదో అన్నది... గ్లాసు పెదవులకు అడ్డంగా ఉన్నది.