ఖాదర్ ఎందుకు ఓడిపోయాడు

శుక్రవారం, చంద్రగిరి

సమస్త లోకానికి తెలియజేయడమేమనగా, ఈ రోజు ఖాదర్ టైలర్ షాపులో, టీవీలో ఆడుకునే టెన్నిస్ ఆటలో, నేను అతన్ని ఆరు-సున్నాతో చిత్తు చేశాను.

రెండేళ్లలో ఇదే మొదటిసారి. అందుకే నాకు అనుమానం.

ఆ ఆట అచ్చం నిజం ఆటలాగే ఉంటుంది. ఎక్కువ పరిగెత్తిస్తే తెరమీది మనిషికి కూడా ఆయాసం వస్తుంది. ఖాదర్ ఎప్పుడూ నన్ను ఆ మూలకీ ఈ మూలకీ పరిగెత్తించి చంపుతాడు. ఈ రోజు మాత్రం చంటిపిల్లకు గోరుముద్దలు పెట్టినట్టు బంతులన్నీ నా ముందరికే వేశాడు.

"ఏం భాయ్, వేలికి సూది గుచ్చుకునిందా?" అన్నాను.

"లేదబ్బా, నువ్వే బాగా ఆడినావు. కొంచేపు కూర్చో, నీళ్లు తాగు."

ఖాదర్ నన్ను పొగడడమా! ఓడినవాడు టీ పెట్టాలని మా షరతు. నవ్వుతూ పెట్టి తెచ్చాడు. అందులో చక్కెర సగమే.

అప్పుడు గుర్తొచ్చింది. పోయిన వారం ఓడిపోతూ, "నాకు గుండె బాగలేదు భాయ్, ఆవేశపడొద్దని డాక్టరు చెప్పినాడు" అన్నాను. అది నమ్మాడా? నమ్మినట్టు నటిస్తూ నన్నే ఆటపట్టిస్తున్నాడా? అడిగితే నా అబద్ధం బయటపడుతుంది. అడగకపోతే ఇక మా మధ్య అసలైన ఆట ఉండదు.

ఇందులో నేను అల్లినవి రెండు. స్కోరు ఆరు-సున్నా కాదు, ఆరు-నాలుగు. డాక్టరు ఏమీ చెప్పలేదు, నేను డాక్టరు దగ్గరికే పోలేదు.

మొన్న కోట మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేసింది. అది మాత్రం అల్లింది కాదు.