రెండో దిండు

వనపర్తి

ప్రియమైన తాజ్‌బీ ఆపాకు, నీ చెల్లె జబీన్ సలాం.

ఈ లేసు నేర్పే హాస్టల్‌ల ఫోన్లు పెట్టనియ్యరు, అందుకే ఈ చిట్టి. లేసు అల్లే పని నాకు మంచిగనే వచ్చింది. చెక్క కండెలకు దారం చుట్టి, దిండు మీద గుండుసూదులు గుచ్చి, వాటి చుట్టూ అల్లాలె. ఇప్పుడు ఎవల దిండు వాళ్లే తెచ్చుకోవాలంటున్నరు. నాది నువ్వే కుట్టియ్యాలె. గట్టి గుడ్డ పంపుతున్న. లోపల వరిగడ్డి నింపి, రోకలితోని దంచి, మళ్ల నింపాలె. పిడికిలితోని కొడితే చెయ్యే నొయ్యాలె. గడ్డి మాత్రం బాగా ఎండాలె. తేమ ఉంటే సూదులు తుప్పువట్టి తెల్లదారం ఖరాబైతది.

నా లేసు నచ్చితే ఇక్కడే నేర్పేదానిగ పెట్టుకుంటరు, గది గూడ ఇస్తరు. ఇంగ నేను ఆ ఇంటికి రాను ఆపా. మంచంల ఉన్న అమ్మీని చూసుకోనీకి నువ్వున్నవు గద. ఇంటికొక్కరినే తీసుకుంటమన్నప్పుడు నీ పేరు కొట్టేయించి నా పేరు రాయించిన. నువ్వు అలిగి అన్నం తినలే. అయినా నీకు ఇసొంటి షోకులేడివి?

నీ చెల్లె,
జబీన్

అమరచింత

ప్రియమైన చెల్లె జబీన్‌కు, దువాలతోని ఆపా రాసేది.

దిండు తయారైంది. వెంకట్రాములు పటేల్ పొలంల వరి కోసిండ్రు, గడ్డి ఆడికెళ్లే తెచ్చిన. అమ్మీ నిద్రవొయినప్పుడల్లా దంచిన. అరచేతులు బొబ్బలెక్కినయి. జర బరువున్నదని పరేషాన్ గాకు, గట్టిగ కుక్కితే బరువే ఉంటది. కొత్తగడ్డి వాసన గూడ కొన్ని దినాలుంటది. నీ చిన్నబిడ్డ టీచరైతదని అమ్మీకి చెప్పిన. కండ్లు తెరిసి చూసింది, అంతే.

ఒక్కటి అడుగుత. ఒకవేళ నువ్వు వచ్చేస్తే, మనింటికెళ్లి ఇంకొకరిని తీసుకుంటరా? ఊకెనే అడుగుతున్న. నువ్వు పంపిన గుడ్డ చానా మిగిలింది, నా దగ్గరే ఉంచుకున్న. బస్సుకు వస్తున్న పక్కింటి చిన్నమ్మ కొడుకు సల్మాన్‌తోని దిండు పంపుతున్న.

నీ మంచి కోరే
తాజ్‌బీ ఆపా

వనపర్తి

ప్రియమైన ఆపా,

నా బతుకు ఆగమైంది. దిండు వచ్చినప్పుడు రాయంత గట్టిగ ఉండె, అందరు మెచ్చుకున్నరు. పెద్ద లేసు దాని మీదనే అల్లిన. నెల గడిచినంక సూదులు తీస్తే సూది సూది కాడ ఎర్రటి మరక. ఉతికినా పోలే. దిండు కోసి చూసిండ్రు. లోపల గడ్డి నల్లగ కుళ్లింది, గింజలు తెల్లగ మొలకలెత్తినయి. అందరు నవ్విండ్రు. నేర్పే పని నా పక్కన కూసోని అల్లే రోజాకిచ్చిండ్రు. గోరుచుట్టు మీద రోకటిపోటు, బ్యాచి అయిపోయింది ఇంటికి పొమ్మన్నరు.

నిన్ను నేనేమంటలేను ఆపా. నీకేం తెలుసు పాపం. ఎండిందనుకొని నింపినట్టున్నవు. నువ్వడిగినవు గద, నేను వచ్చేస్తే మనింటికెళ్లి ఇంకొకరిని తీసుకుంటరంట. ఇప్పుడు అదంతా ఎందుకు. శుక్రవారం పొద్దుగూకేసరికి వస్త. నీ ఒడిల తల పెట్టి ఏడువాలనున్నది.

నీ
జబీన్

అమరచింత

ప్రియమైన జబీన్‌కు,

ఈ చిట్టి పోస్టుల వెయ్యలే, అమ్మీ తల కింద పెట్టి పోతున్న. నువ్వొచ్చేదాక పక్కింటి చిన్నమ్మ కూసుంటది. నేను వనపర్తి బస్సెక్కుతున్న. సల్మాన్‌ను పంపి కొత్త బ్యాచిల నా పేరు రాయించుకున్న.

నాకేం తెలుసంటివి. ఇన్నేండ్ల సంది రోజూ అమ్మీ పక్క కింద చెయ్యి పెట్టి చూసేదాన్ని, తడేదో పొడేదో నా చెయ్యికి తెల్వదా? కొత్తగడ్డిని బోరు కాడ తడిపి నడుమ పెట్టిన. చుట్టూ ఎండింది కూరిన. నా పేరు కొట్టేయించినప్పుడు నువ్వు వెనుకముందాడలే. కుట్టేటప్పుడు నేను గూడ వెనుకముందాడలే.

అమ్మీ పక్క తడుపుకుంటది. వెంటనే మార్చకుంటే వీపంతా పుండ్లైతది. రాత్రిపూట గూడ లేవాలె. తడి ఉంటే ఏమైతదో ఇప్పుడు నీకు బాగా తెలిసింది గద. ఏడువాలనిపిస్తే ఏడువు, అమ్మీకి మాత్రం వినబడనియ్యకు.

మిగిలిన గుడ్డతోని ఇంకో దిండు కుట్టుకున్న. గడ్డిని మిద్దె మీద పెళపెళమనేదాక ఎండబెట్టిన. నువ్వు చెప్పినట్టే పిడికిలితోని కొట్టి చూసిన. చెయ్యే నొచ్చింది.

నీ ఆపా,
తాజ్‌బీ